ఐదు టికెట్లు ఇచ్చారు, ఒక్క జవాబు ఇవ్వలేదు

కావలి,
నవంబరు 28.

కస్టమర్ కేర్ పెద్దలకు,

విషయం: అంబులెన్సు డ్రైవర్ పరీక్ష కోర్సు ఏడో పాఠం దగ్గర ఆగిపోవడం గురించి, అంతకంటే ముఖ్యంగా 25 రోజులుగా మీరు నన్ను తిప్పుతున్న తిప్పుడు గురించి.

అయ్యా,

పాఠం తెరుచుకోలేదన్న కోపం నాకు మొదటి రెండు రోజులే. యాప్ అన్నాక మొరాయిస్తుంది. నేను తోలే బండి కూడా వాన పడిన పొద్దున మొరాయిస్తుంది. దాన్ని తిడుతూ కూర్చోను, బానెట్ ఎత్తి చూస్తాను. మీరు ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా బానెట్ ఎత్తలేదు.

నేను కావలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి అంబులెన్సు తోలుతాను. ఆరేళ్లయింది. ముసునూరు టోల్‌గేటు వాళ్లకు నా సైరన్ గుర్తే. డ్రైవింగ్ టెస్టంటే నాకు భయం లేదు, ఎయిట్ వేయమంటే కళ్లు మూసుకుని వేస్తాను. రాత పరీక్షే టెన్షన్. పదో తరగతి రాసి పద్దెనిమిదేళ్లయింది మరి. 108 బండి మీద పైలట్ పోస్టు వస్తే నెల జీతం, సెలవు అంటూ ఉంటాయని ఆశపడి మీ కోర్సు కొన్నాను. 2,499 రూపాయలు. మీకది చిల్లర, నాకు నాలుగు నైట్ డ్యూటీలు.

నవంబరు 3న మొదటిసారి ఫోన్ చేశాను. తెలుగుకు రెండు నొక్కమన్నారు, నొక్కాను. పదకొండు నిమిషాలు పాట వినిపించారు. మధ్య మధ్యలో ‘మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం’ అని ఒకావిడ చెబుతూనే ఉంది. ఆ తర్వాత ఒకబ్బాయి ఎత్తి, లాగవుట్ చేసి లాగిన్ చేయమన్నాడు. అది అప్పటికే నాలుగుసార్లు చేశానన్నాను. ‘ఇంకోసారి చేయండి సార్’ అన్నాడు. చేశాను. ఏడో పాఠం మీద తాళం బొమ్మ అలాగే ఉంది. నా ఫిర్యాదుకు టికెట్ నంబరు ఇచ్చి, 48 గంటలు ఆగమన్నాడు.

ఆగాను. మీ ఐదో పాఠంలోనే ఉంది కదా, గోల్డెన్ అవర్ అంటే దెబ్బ తగిలాక మొదటి గంట, చట్టంలోనే రాసి ఉందని. మీ ఆఫీసులో ఆ గంట 48 గంటలని అప్పుడే తెలిసింది.

రెండో ఫోన్ సంగతి మా స్టాండులో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతున్నారు. ఎత్తిన అమ్మాయి ఏ పరీక్షకు చదువుతున్నారని అడిగింది. ‘పైలట్ పరీక్షకమ్మా’ అన్నాను. 108 బండి తోలేవాణ్ణి పైలట్ అనే పిలుస్తారు. ఈ రాష్ట్రంలో 108 మొదలై 20 ఏళ్లు దాటింది, రోడ్డు పక్క టీకొట్టు వాడికి కూడా తెలిసిన మాట. ఆ అమ్మాయి కాసేపు ఆగి, ‘సార్, విమానం కోర్సులు మా దగ్గర లేవు, మీరు వేరే కంపెనీలో కొన్నట్టున్నారు’ అంది. విమానం కాదమ్మా, అంబులెన్సు అని మొత్తుకున్నాను. ‘ఎయిర్ అంబులెన్సా సార్?’ అంది. ఆ పిల్లను నేనేమీ అనను. మీరు అమ్మే కోర్సులో ఏముందో మీ దగ్గర పనిచేసే వాళ్లకు ఒక పూట కూర్చోబెట్టి చెప్పలేకపోయారా?

మూడోసారి చాట్‌లో రాశాను. అవతల మనిషో, మరబొమ్మో తెలియదు. ‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అని మూడుసార్లు చింతించింది. అదే రోజు రాత్రి రెండు గంటలకు నెల్లూరు పొగతోట ఆసుపత్రిలో ఒక కేసు దించి, బండిలోనే చదువుకుందామని స్టీరింగ్ మీద ఫోన్ ఆనించి కూర్చున్నాను. మెసేజ్ వచ్చింది: ‘మీ సమస్య పరిష్కారమైంది. మా సేవకు రేటింగ్ ఇవ్వండి.’ ఆత్రంగా యాప్ తెరిచాను. తాళం. ఒక నక్షత్రం ఇస్తే, ఎందుకు తక్కువ ఇచ్చారో చెప్పమని ఇంకో మెసేజ్ వచ్చింది. చెప్పాను. దానికీ ఒక టికెట్ ఇచ్చారు!

నాలుగోసారి తెలుగుకు రెండు నొక్కితే హిందీ పలికింది. నాకు వచ్చిన హిందీ ‘సైడ్ దో భయ్యా’ వరకే.

ఇంకో సంగతి కూడా అడిగాను, దానికీ దిక్కు లేదు. కూడలిలోకి ఫైరింజను, అంబులెన్సు, పోలీసు బండి ఒకేసారి వస్తే ముందు ఎవరికి దారి అని మీ మాక్ టెస్టులో ప్రశ్న ఉంది. మీ జవాబుల కీలో అంబులెన్సు అని ఉంది. 2017 డ్రైవింగ్ నిబంధనల్లో ముందు ఫైరింజను, తర్వాత అంబులెన్సు, ఆ తర్వాత పోలీసు బండి. అంబులెన్సు వాణ్ణి నేనే ఒప్పుకుంటుంటే మీకేం అడ్డం? మీ ఏజెంటు మాత్రం ‘యాప్‌లో ఉన్నదే కరెక్ట్ సార్’ అని ఖరాఖండిగా చెప్పాడు. ఆ జవాబు నమ్మి పరీక్షలో రాసిన వాళ్ల మార్కు ఎవరిస్తారు?

ఇక ఐదోది. ఇది మాత్రం నేను మరిచిపోలేను. టీమ్ లీడర్ గారే స్వయంగా ఫోన్ చేస్తారన్నారు. మూడు రోజులు ఫోన్ జేబులోంచి తీసి పక్కన పెట్టలేదు, స్నానానికి పోతే మా ఆవిడ చేతికిచ్చి పోయాను. నాలుగో రోజు సాయంత్రం హైవే మీద బైకు పడిపోయిన కుర్రాణ్ణి ఎక్కించుకుని పోతున్నాను. వెనక వాళ్లమ్మ ఏడుస్తోంది. జేబులో ఫోన్ రెండుసార్లు మోగి ఆగింది. ఆసుపత్రిలో దించి, చేతులు కడుక్కుని చూస్తే అది మీ నంబరు. తిరిగి చేస్తే ఆ నంబరుకు కాల్స్ వెళ్లవట. కింద మెసేజ్: ‘కస్టమర్ స్పందించనందున టికెట్ మూసివేయబడింది.’

స్టీరింగ్ మీద చెయ్యి ఉండగా ఫోన్ ఎత్తకూడదని మీ రెండో పాఠమే చెబుతోంది, అయ్యా. మీ పాఠం నేను పాటించాను. అందుకే నా టికెట్ మూసేశారు.

మీ కంపెనీకి నేను కొత్త కాదు. మా తమ్ముడు హెవీ లైసెన్సుకు చదివింది మీ దగ్గరే. నేను చెప్పానని మా స్టాండులో ముగ్గురు కొన్నారు. ఇప్పుడు టీ దగ్గర ‘ఏందన్నా, నీ కంపెనీ ఏమంటుంది’ అని అడుగుతున్నారు. నీ కంపెనీ అంటున్నారు చూడండి. నెల్లూరు రొట్టెల పండగకు పోయి స్వర్ణాల చెరువులో మా ఆవిడ నా కోసం, ఉద్యోగం రావాలని కోరుకుని పట్టే ఉద్యోగ రొట్టె పట్టింది. ఆ రొట్టె ఇచ్చినామె ఎవరో కూడా మాకు తెలియదు. డబ్బు తీసుకోలేదు. ‘తప్పకుండా వస్తుందిలేమ్మా’ అని ఒక మంచి మాట అంది. మీరు డబ్బు తీసుకుని ఆ పాటి మాట కూడా అనలేదు.

అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే 10,000 రూపాయల జరిమానా అని మోటారు వాహనాల చట్టం 194ఈ సెక్షన్. అంబులెన్సు డ్రైవరుకు దారి ఇవ్వని కంపెనీకి ఎంతో ఆ చట్టంలో లేదు, కానీ వినియోగదారుల చట్టం ఒకటుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను. నెల్లూరులో వినియోగదారుల కమిషన్ ఉంది, 5 లక్షల లోపు కొన్నదానికి కేసు ఫీజు కూడా లేదట. నెల్లూరు రోడ్డు నాకు కొత్త కాదు, వారానికి మూడుసార్లు ఎలాగూ పోతాను. మీ ఐదు టికెట్లూ, ఆ నక్షత్రం మెసేజ్‌తో సహా, మా పెద్దమ్మాయి ప్రింటు తీసి పెట్టింది. ఈ ఉత్తరం టైపు చేసిందీ తనే.

డిసెంబరు రెండో వారంలో పరీక్ష. పాఠాలు తెరుస్తారో, డబ్బు వెనక్కి ఇస్తారో మీ ఇష్టం. రెండూ చేసినా వద్దనను. మరబొమ్మ కాకుండా, విమానం అనకుండా, నా పాత టికెట్లు చదువుకున్న మనిషి ఒకరు ఫోన్ చేయాలి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండింటి మధ్య చేయండి, అప్పుడు బండి ఆసుపత్రి దగ్గరే ఉంటుంది. మిగతా టైములో మోగితే ఎత్తను.

ఇట్లు,
మూసేసిన ఐదో టికెట్ తాలూకు కస్టమర్,
కావలి, నెల్లూరు జిల్లా.