జడ వేసిన పెద్దమ్మకు

నిన్న రాత్రి హైదరాబాద్ నుంచి ఖమ్మం వచ్చాం. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. తొడ మీద నాలుగు కుట్లు పడ్డాయి. జబ్బు పేరు మాత్రం ఇంకా తేలలేదు. ఫోన్ ఎత్తి పట్టుకుంటే చేతులు లాగేస్తున్నాయి కాబట్టి నేను చెబుతుంటే మా అమ్మాయి టైప్ చేస్తోంది. ఒంట్లో ఓపిక లేదు, అయినా ఇవాళే చెప్పాలనిపించింది.

మా ఆయన, తమ్ముడు, అత్తగారు, పిల్లలు ఎంత చేశారో నాకు తెలుసు, వాళ్ళకీ తెలుసు. ఇక్కడ థాంక్స్ రాస్తే వాళ్ళే కోప్పడతారు. నేను చెప్పాలనుకున్నది ఒక పెద్దమ్మ గురించి. ఆమె పేరు కూడా నాకు తెలియదు.

తెలియనివాళ్ళకు మొదటినుంచీ చెప్తాను. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పదిహేడేళ్ళుగా అదే పని. శ్రావణంలో పెళ్ళి జాకెట్లు మీద పడ్డప్పుడు, పై అరలో ఉన్న లైనింగ్ గుడ్డ తీయబోతే చేయి లేచింది గానీ నిలబడలేదు. అలసట అనుకున్నాను. బతుకమ్మ నాటికి కింద కూర్చుంటే ఎవరో ఒకరు చేయి అందిస్తే గానీ లేవలేకపోయాను. తల దువ్వుకుంటూ మధ్యలో రెండు మూడు సార్లు చేయి దించాల్సి వచ్చేది. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. నొప్పి లేదంటే ఎవరూ దాన్ని జబ్బుగా లెక్కపెట్టరు.

రక్తపరీక్షలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైములు ఎక్కువగా వచ్చాయి. లివర్ అన్నారు. రెండు నెలలు లివర్ మందులు, స్కానింగులు, పథ్యం. స్కానింగులో లివర్ బాగానే ఉంది, నా బలం మాత్రం తగ్గుతూనే ఉంది. ఇంకొక డాక్టరు ఇదంతా టెన్షన్ అని నిద్రమాత్రలు రాశారు. చివరికి ఫిబ్రవరిలో ఒక చిన్న వయసు డాక్టరు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు కట్టుకుని లేవమన్నారు. లేవలేకపోయాను. "జడ మీరే వేసుకుంటున్నారా?" అని అడిగారు. ఆరు నెలల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. కండరాలు దెబ్బతిన్నాయా అని చూసే సీపీకే అనే రక్తపరీక్ష రాశారు. 200 లోపు ఉండాల్సింది 4,216 వచ్చింది. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ లివర్‌లోనే కాదు, కండరాల్లో కూడా ఉంటాయట. కండరం దెబ్బతిన్నా రక్తంలో అవి పెరుగుతాయట. అంటే ఆ కాగితం మొదటినుంచీ నా కండరాల సంగతే చెబుతోంది, చదివినవాళ్ళు లివర్ దగ్గరే ఆగిపోయారు. ఈ ఒక్క పరీక్ష అక్టోబరులో రాసి ఉంటే నాకు ఇన్ని నెలలు పోయేవి కావు. మీలో ఎవరికైనా ఇలా లివర్ అని చెప్పి, చేతులూ కాళ్ళూ బలహీనపడుతుంటే, సీపీకే చేయించాలా అని డాక్టరును అడగండి.

హైదరాబాద్‌లో పెద్ద డాక్టరుగారు దాచకుండా చెప్పారు. కండరాల్లో వాపు వచ్చే జబ్బు కావచ్చు, అదైతే స్టెరాయిడ్లకు లొంగుతుంది. లేదా కండరాలు మెల్లగా క్షీణించిపోయే డిస్ట్రఫీ కావచ్చు, అది జన్యువుల్లోనే ఉంటుంది, పూర్తిగా తగ్గించే మందు ఇప్పటికి లేదు. తేలాలంటే కండరం ముక్క తీసి చూడాలి, దాన్నే బయాప్సీ అంటారు. ముక్క తీయకముందే స్టెరాయిడ్ మొదలుపెడితే కనిపించాల్సింది మరుగున పడిపోతుంది, అందుకని ఆగాలి అన్నారు. బయాప్సీకి వంతు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది.

ఆ రోజులు ఎలా గడిచాయో ఎవరికీ చెప్పలేదు. జన్యువుల మాట వినగానే నా కాళ్ళ గురించి కాదు, మా అమ్మాయి గురించి భయం పట్టుకుంది. (అమ్మా, ఇది కూడా టైప్ చెయ్.) ఆడవాళ్ళ వార్డులో రాత్రిళ్ళు మగవాళ్ళను ఉండనివ్వరు. మా అమ్మాయికి ఇంటర్ పరీక్షలు, అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. అందుకని రాత్రి ఒక్కదాన్నే ఉండేదాన్ని. పక్క మంచాల వాళ్ళు పడుకోగానే ఫోన్ తీసి జబ్బుల పేర్లు వెతికేదాన్ని. చదివిన ప్రతి జబ్బూ నాదే అనిపించేది. లీటరు నీళ్ళ సీసా ఎన్నిసార్లు ఎత్తగలనో లెక్కపెట్టుకునేదాన్ని. నిన్న పన్నెండు, ఇవాళ పది. ఆ రెండు ఎక్కడ పోయాయని తెల్లారేదాకా ఏడుపు రాని ఏడుపు. ఊపిరి తీసుకోవడానికి వాడే కండరాలు కూడా ఇలాగే అయిపోతాయేమోనని కూర్చుని నా శ్వాస నేనే చూసుకునేదాన్ని. కంటి మీద కునుకు ఉండేది కాదు.

ఐదో రోజు తెల్లవారుజామున బాత్రూముకు వెళ్ళాను. అది నరాలు, కండరాల జబ్బులవాళ్ళు ఉండే వార్డు. రెండు బాత్రూములున్నాయి. కమోడ్ ఉన్నదానికి నీళ్ళు రావట్లేదని తాళం వేశారు. రెండోది కింద కూర్చునేది. లేవలేని మనుషులను చేర్చుకునే చోట లేవడానికి పట్టుకునే కడ్డీ ఒక్కటి గోడకు లేదు. అడిగితే పైవాళ్ళకు రాశామన్నారు. ఎవరు కట్టారో, ఎవరు చూసి సరే అన్నారో గానీ, వాళ్ళు ఒక్కసారి వచ్చి చూస్తే బాగుండు.

కూర్చున్నాను, లేవలేకపోయాను. కుళాయి పట్టుకున్నాను, చేయి జారింది. గోడకు ఆనుకున్నాను. పిలవడానికి సిగ్గు, పిలిచినా వినే మనిషి లేరు. పావుగంటో ఇరవై నిమిషాలో అలాగే ఉన్నాను. బయట బకెట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది. "ఎవరమ్మా లోపల?" అని ఒక గొంతు. గడియ పెట్టుకోవాలంటే భయం కాబట్టి తలుపు చేరవేసే ఉంచాను. ఆమె తోసుకుని లోపలికి వచ్చింది. అరవై దాటిన మనిషి, సన్నగా ఉంది. మొహం చిట్లించలేదు, అయ్యో అనలేదు. ముందు నీళ్ళు పోసి కడిగింది. చంకల కింద చేతులు పెట్టి, "నా మెడ పట్కో బిడ్డా, గట్టిగ పట్కో" అంది. లేపి నిలబెట్టింది. నైటీ సర్ది, కాళ్ళ మీద నీళ్ళు పోసి, నడిపించుకుంటూ మంచం దాకా తీసుకొచ్చింది.

నేను ఏదో చెప్పబోతుంటే ఆమె నా తల వైపు చూసింది. "ఎన్ని దినాలాయె దువ్వక?" అంది. ఐదు రోజులైంది. మా ఆయన రబ్బరు బ్యాండు వేసి ముడిలా కట్టారు, అంతే. ఆమె తన సంచిలోంచి దువ్వెన, చిన్న కొబ్బరినూనె సీసా తెచ్చుకుని నా వెనక మంచం మీద కూర్చుంది. జుట్టు మొత్తం అట్టకట్టి ఉంది. చిక్కుకు పైన జుట్టును గుప్పిట్లో బిగించి పట్టుకుని, కుదుళ్ళు లాగకుండా, చివర్ల నుంచి కొంచెం కొంచెంగా పైకి దువ్వింది. వేళ్ళకు నూనె రాసుకుని ఒక్కో చిక్కు విడదీసింది. ఎక్కడా తొందర లేదు. మూడు పాయలు తీసి గట్టిగా అల్లి, చివర తన కొంగు దారం పోగు తెంపి కట్టింది. డాక్టరు అంత మాట చెప్పినప్పుడు కూడా నేను ఏడవలేదు. ఆ జడ భుజం మీద నుంచి ముందుకు వేసినప్పుడు ఏడ్చాను. ఆమె ఏమీ అనలేదు. దువ్వెనలో మిగిలిన జుట్టు ఉండ చుట్టి చెత్తబుట్టలో వేసి వచ్చింది.

ఆమెది మహబూబ్‌నగర్ వైపు ఊరు. ఆమె భర్తకు పక్షవాతం వచ్చి అదే అంతస్తులో మగవాళ్ళ వార్డులో ఉన్నారు. ఆమె పడక కారిడార్లో చాప మీద. తన కష్టం అంత ఉండగా రోజూ పొద్దున్నే నాలుగింటికి నన్ను బాత్రూముకు తీసుకెళ్ళడానికి వచ్చేది. నేను పిలవలేదు, ఆమే వచ్చేది.

రెండో రోజు అడిగింది, "నువ్వేం పని జేస్తవ్?" అని. జాకెట్లు కుడతాను, ఇక కుట్టలేనేమో అన్నాను. కాసేపు ఊరుకుని, ఒక నీలం సంచి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఒకవైపు పిడి తెగిపోయి ఉంది. "జర గిది కుట్టి పెడ్తవా? రోజూ టిఫిన్ గిందులనే తెస్త" అంది.

నా పర్సులో సూది దారం ఎప్పుడూ ఉంటాయి. అప్పుడు ఎర్రదారం ఒక్కటే ఉంది. చేతులు ఒళ్ళో ఆనించి మొదలుపెట్టాను. నా జబ్బు భుజాల్లో, తొడల్లో ఉంది. వేళ్ళ దాకా రాలేదు. ఆ సంగతి డాక్టర్లు కేసు షీట్లో రాసుకున్నారు, నాకే తట్టలేదు. దారం ఒక్కసారికే సూదిలోకి ఎక్కింది. పిడి చివర మడిచి, చుట్టూ చదరంగా కుట్టి, మధ్యలో అడ్డంగా రెండు కుట్లు వేసి, దారం వెనక్కి మళ్ళించి ముడి వేశాను. అరగంట పట్టింది. ఆ అరగంటలో సీపీకే గుర్తు రాలేదు, నీళ్ళ సీసా గుర్తు రాలేదు. ఆమె సంచిలో స్టీలు క్యారియరు, నీళ్ళ సీసాలు వేసి ఎత్తి చూసింది. "మంచిగ గట్టిగున్నది" అంది, వెళ్ళిపోయింది.

మర్నాడు కారిడార్లోంచి ఒకామె దిండుగలీబు తెచ్చింది, ఇంకొకాయన చొక్కా గుండీ ఊడిందని తెచ్చాడు. ఎవరు చెప్పారని అడిగితే "ఆ పెద్దమ్మ" అన్నారు. బయాప్సీ రోజు వచ్చేదాకా వాళ్ళు తెచ్చినవన్నీ కుట్టాను. నన్ను టైలరమ్మా అని పిలవడం మొదలుపెట్టారు. అంతకుముందు నేను ఏడో నంబరు మంచాన్ని.

రాత్రి ఫోన్ చూస్తుంటే ఒకసారి పట్టుకుంది. "ఫోన్ల జూడకు బిడ్డా. దానికి నువ్వెవరో ఎర్కనా?" అంది. భయం తగ్గిపోయిందని చెప్పను, అబద్ధం అవుతుంది. ఇప్పటికీ రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. ఫోన్ మాత్రం నిన్న రాత్రి మా అత్తగారి గదిలో పెట్టించాను. సీసా లెక్క మానేశాను.

బయాప్సీ మత్తు ఇంజెక్షన్‌తో తొడ మీద చేశారు, నేను మెలకువగానే ఉన్నాను. ముక్కను గడ్డకట్టించి పలచగా కోసి రంగులు వేసి చూస్తారట, అందుకే రిపోర్టుకు రెండు మూడు వారాలు అన్నారు. నేను వార్డుకు తిరిగొచ్చేసరికి ఆమె భర్తను డిశ్చార్జి చేసేశారు. ఊరికి బండి దొరికిందని వెళ్ళిపోయారట. నా దిండు కింద దువ్వెన పెట్టి వెళ్ళింది. ఫోన్ నంబరు తీసుకోలేదు, పేరు అడగలేదు. అన్ని రోజులూ పెద్దమ్మా అంటూనే గడిపేశాను. ఇది నా తప్పే, తలచుకుంటే గుండె కలుక్కుమంటోంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, కోపం వస్తోంది. ఇన్సూరెన్సు వాళ్ళు క్లెయిమ్ తిప్పికొట్టారు. పరీక్షల కోసమే ఆసుపత్రిలో చేరితే పాలసీ వర్తించదని లోపలి పేజీల్లో ఉందట. జబ్బు పేరు రాసి తెమ్మంటున్నారు. ఆ పేరు తెలియాలనే కదా పదకొండు రోజులు పడుకున్నది! ఐదేళ్ళుగా ఒక్క ప్రీమియం ఆపలేదు. నా గొలుసు తాకట్టులో ఉంది. పేరు లేని జబ్బు ఉన్నవాళ్ళు ఎక్కడికి వెళ్ళాలో ఎవరైనా తెలిసినవాళ్ళు కామెంట్లో చెప్పండి.

మా అమ్మాయి గుర్తు చేస్తోంది, ఇంకా కొందరున్నారు. కండరాల్లోకి సూది గుచ్చి వాటి పనితీరు చూసే ఈఎంజీ పరీక్ష గదిలో సూదులు గుచ్చిన టెక్నీషియన్ తమ్ముడు. సూది కండరంలోకి పోగానే మిషన్లోంచి రేకుల మీద వాన పడ్డట్టు చప్పుడు వచ్చింది, నేను భయపడితే ప్రతి సూదికీ ముందు "అక్కా, ఇప్పుడు" అని చెప్పి గుచ్చాడు. వీల్‌చైర్ కోసం తన ఆధార్ కార్డు కౌంటర్లో పెట్టిన పక్క మంచం ఆమె కొడుకు. రైల్లో సీటు ఇచ్చి, ఖమ్మంలో నన్ను దాదాపు ఎత్తి దించిన ఇద్దరు కాలేజీ పిల్లలు. పెళ్ళి జాకెట్లు సగంలో ఉంటే, డబ్బులు మొత్తం ఇచ్చి, మాటనకుండా వేరేచోట కుట్టించుకున్న ఆ పెళ్ళికూతురి అమ్మగారు. ముందే చెప్పాల్సింది, క్షమించండి.

పెద్దమ్మ ఇది చదవదు. ఆమెకు మనవళ్ళున్నారని చెప్పింది, వాళ్ళలో ఎవరైనా చూస్తారేమో. మీ ఇంట్లో నీలం సంచి ఉండి, దాని ఒకవైపు పిడి ఎర్రదారంతో చదరంగా కుట్టి ఉంటే, మీ నానమ్మకో అమ్మమ్మకో చెప్పండి. ఏడో నంబరు మంచం టైలరమ్మ ఇంటికి చేరింది, రిపోర్టు ఇంకా రాలేదు. మీ తాతయ్య ఎలా ఉన్నారో నాకు రాయండి. మా అమ్మాయి పొద్దున ఆ దువ్వెనతోనే జడ వేసింది, చివర్ల నుంచి పైకి దువ్వమని నేనే చెప్పాను.

అయ్యో, బయాప్సీ రోజు నా చేయి పట్టుకుని నిలబడ్డ నర్సమ్మను మర్చిపోయాను. ఆమెకు కూడా. ఇక ఆపుతాను, మా అమ్మాయికి రేపు పొద్దున చివరి పరీక్ష ఉంది.