‘ఏం ఫర్వాలేదమ్మా’ అంటే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు దగ్గరపడ్డాయి, మీ పేపర్లో క్యాంపుల ప్రకటనలు మొదలయ్యాయి. ఈత, ట్రెకింగ్, రాత్రిళ్లు గుడారాల్లో పడక అని చదివి మా తొమ్మిదేళ్ల పాప తనూ వెళ్తానని పట్టుబట్టింది. ఐదో ఏటి నుంచి తనకు టైప్ 1 షుగర్. రోజుకు నాలుగు ఇన్సులిన్ ఇంజెక్షన్లు. అయినా తను వెళ్లాలనే నా కోరిక కూడా.

పోయిన ఏడాది ఒక క్యాంపులో చేర్చాం. దరఖాస్తులో ‘ఆరోగ్య సమస్యలు ఏమైనా ఉన్నాయా?’ అని అడిగి ఒక్క గీత ఖాళీ వదిలారు. జబ్బు పేరు రాసేసరికి ఆ గీత నిండిపోయింది. కిందేమో, ఏం జరిగినా మా బాధ్యత లేదంటూ పది లైన్లు, సంతకానికి చోటు. ఫోన్ చేస్తే ‘ఏం ఫర్వాలేదమ్మా, మేం చూసుకుంటాం’ అన్నారు. నమ్మాను. రెండో రోజు ఈత అయ్యాక షుగర్ బాగా పడిపోయి పాప చేతులు వణుకుతూ మూల కూర్చుంటే, అలిగిందనుకుని వదిలేశారట. గ్లూకోజు బ్యాగులో, బ్యాగు గదిలో, గదికి తాళం. తోటి పిల్ల ఒకతి ఏడ్చి గోల చేస్తే గానీ ఆ తాళం తియ్యలేదు. ఆ పిల్లకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

షుగర్ 70 కంటే తగ్గితే పాపకు వెంటనే 15 గ్రాముల గ్లూకోజు ఇవ్వాలి, 15 నిమిషాలయ్యాక మళ్లీ చూడాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ వేయకూడదు, షుగర్‌ను పెంచే గ్లూకగాన్ అనే మందు ఇచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. శ్రద్ధగా నేర్పితే డాక్టరు కానివాళ్లు కూడా చేయగలిగిన పనులే ఇవి. కానీ ఫలానా వాళ్లు చేస్తారని ముందే తేల్చుకోవాలి. ఇన్సులిన్ సంగతీ అంతే. ఫ్రిజ్ ఉందంటే చాలదు. తెలియక ఫ్రీజర్లో పెడితే అది గడ్డకట్టి ఎందుకూ పనికిరాదు.

పగలు బాగా పరిగెత్తిన రోజున షుగర్ అర్ధరాత్రి నిద్రలో కూడా పడిపోవచ్చు. అందుకే ఇప్పుడు నేను మొదట అడిగేది, రాత్రి రెండింటికి లేచి పాప షుగర్ చూసేదెవరు అని. ‘ఎవరో ఒకరు ఉంటారండి’ అంటే అక్కడితో ఆ క్యాంపు ఊసే ఎత్తను. ‘మా దగ్గర నర్సు లేరు, మా వల్ల కాదు’ అని ఒకరు ఉన్నమాట చెప్పారు. వాళ్ల మీద నాకు గౌరవమే కలిగింది.

ఈ ఏడాది మరో చోటికి ఫోన్ చేసి పాపకు షుగర్ అని చెప్పగానే, నేను ఇంకేమీ అడగకముందే అక్కడి మేడమ్ ‘షుగర్ తగ్గినప్పుడు మీ పాప ఎలా ఉంటుంది?’ అని అడిగారు. ఇన్నాళ్లలో ఏ క్యాంపు వాళ్లూ అడగని ప్రశ్న. ముందు మాట ఆగిపోతుంది, తర్వాత ఊరికే విసుక్కుంటుంది అని చెప్పాను. రాసుకుని, రాసింది నాకే చదివి వినిపించారు. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపొచ్చింది. పాపను అక్కడికే పంపుతున్నాను.

ఇది మా ఒక్క ఇంటి బాధ కాదు. ఆస్తమా ఉన్న పిల్లల ఇన్హేలర్‌ను ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేస్తే అది ఉన్నా లేనట్టే. ఫిట్స్ వచ్చే పిల్లలు నీళ్లలో దిగితే వాళ్ల మీదే కన్నేసి ఒకరు పక్కన ఉండాలి.

ఇవన్నీ జరగని పనులని మాత్రం నేను ఒప్పుకోను. ఇన్సులిన్‌ను తొలిసారి మనిషికి ఇచ్చింది 1922లో. నాలుగేళ్లు తిరక్కుండానే, 1925లో, అమెరికాలోని మిషిగన్‌లో లెనార్డ్ వెండ్ట్ అనే డాక్టరు షుగర్ ఉన్న పిల్లల కోసం క్యాంపు పెట్టారు. మీటర్లు, సెన్సర్లు లేని రోజులవి.

క్యాంపులు నడిపేవారికి నా విన్నపం ఒక్కటే. మందులు చూసేదెవరు, రాత్రి మేలుకుని ఉండేదెవరు, ఆసుపత్రికి ఎన్ని నిమిషాల్లో చేరతారు, ఈ మూడూ దరఖాస్తుతో పాటే రాసివ్వండి. సంపాదకులు గారూ, క్యాంపుల ప్రకటనలు తీసుకునేటప్పుడు మీరూ ఆ మూడు వివరాలు అడిగి, ఈత, ట్రెకింగ్ పక్కనే అచ్చు వేయండి.

— ఒక తల్లి