కుర్చీకి కట్టేసిన మనిషి

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మావా,

మొన్న ఫోన్లో పాపని ఆ గూఢచారి సినిమాకి తీసుకెళ్లనా అంటే "తీసుకెళ్లు, ఏం కాదు" అనేశాను కదా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. నిన్న మా ఇద్దర్నీ వేసుకెళ్లా. పెద్దాడికి 13, చిన్నదానికి 8.

టికెట్లు బుక్ చేసేటప్పుడే పేరు కింద యూఏ 13 ప్లస్ అని సెన్సార్ సర్టిఫికెట్ కనిపించింది, అంటే 13 లోపు పిల్లలకి చూపించాలా వద్దా అని అమ్మానాన్నలే ఆలోచించుకోవాలని. చూసీ చూడనట్టు ఊరుకున్నా. ఇదివరకు ఒట్టి యూఏ ఉండేది. 2023లో చట్టం మార్చి దాన్ని 7, 13, 16 అని మూడు ముక్కలు చేశారు. 'ఏ' సినిమాకైతే 18 నిండనివాళ్లని రానివ్వకూడదు. వీటికి ఆ అడ్డు లేదు, తేల్చుకోవాల్సింది మనమే. గేటు దగ్గర కుర్రాడు నా మంచినీళ్ల బాటిల్ లాక్కున్నాడు గానీ, చిన్నదాని వైపు కన్నెత్తి చూడలేదు.

ఫస్టాఫ్ అంతా పండగే. కార్లు ఎగిరాయి, హెలికాప్టర్ పేలింది, మనుషులు పిట్టల్లా రాలారు. చిన్నది చప్పట్లే చప్పట్లు. మధ్యలో హీరో, హీరోయిన్ దగ్గరకొస్తే నేను ఠక్కున దాని కళ్లు మూశా. మనందరి టెన్షన్ ముద్దు దగ్గరే కదా! 2015లో వచ్చిన స్పెక్టర్‌లో బాండ్ ముద్దుని సెన్సార్ వాళ్లు సగానికి కోశారు, గుర్తుందా?

సెకండాఫ్‌లో ఒక గది. కుర్చీకి కట్టేసిన మనిషి. మ్యూజిక్ లేదు, తుపాకీ లేదు. విలన్ బల్ల మీద కటింగ్ ప్లయర్ పెట్టి, చొక్కా చేతులు తాపీగా మడుస్తాడు. అంతే, కెమెరా గోడ వైపు తిరిగింది. రక్తం చుక్క చూపించలేదురా. చిన్నదాని నోట్లో పాప్‌కార్న్ అలాగే ఉండిపోయింది. గోళ్లు నా మోచేతిలో దిగాయి. అప్పుడు మాత్రం దాని కళ్లు మూయాలని నాకు తోచలేదు.

పెద్దాడికి ఆ సీనే గుర్తులేదట. హీరోని పెంచి పెద్దచేసిన బాసే చివరికి ద్రోహి అని తేలుతుంది చూడు, వాడి బాధ అది. మెట్రోలో అమీర్‌పేట దాకా మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

మా నాన్నకి చెబితే, "1966లో గూఢచారి 116లో కృష్ణ దెబ్బలాటలు చూసే పెరిగాం, మాకేమైంది?" అన్నాడు. ఏమైందో అమ్మని అడగాలి.

మీ పాప సంగతి నాకంటే నీకే తెలుసు. అది బాంబులకి భయపడే రకమా, కట్టేస్తే భయపడే రకమా? ముందు నువ్వొక్కడివే మార్నింగ్ షోకి పోయి చూసిరా. తీసుకెళ్లక తప్పదంటే, ఇంటర్వెల్ అయ్యాక ఓ పావుగంటకి ఆ గది వస్తుంది. సమోసా కొనిస్తానని బయటికి లాక్కుపో, కథేం మిస్సవరు.

రాత్రి మా చిన్నది లైటు ఆర్పనివ్వలేదు. "నాన్నా, ఆ కుర్చీ అంకుల్‌కి పిల్లలున్నారా?" అంది. ఉన్నారు, షూటింగ్ అవ్వగానే క్యారేజీ తినేసి వాళ్ల దగ్గరికే వెళ్లిపోయాడన్నా. కాసేపు ఆలోచించి "ఏం కూర?" అంది.

దొండకాయ వేపుడన్నా. అప్పుడు ఆర్పనిచ్చింది.

నీ
మావ