ఆ రైలు సంగీతం ఎవరిదో రాయరా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల రెండో ఆదివారం మీ అనుబంధంలో రైలు సినిమాల మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. అప్పుడే రాయాల్సింది. మనవరాలి పెళ్లి పనుల్లో పడి ఇన్ని రోజులు పట్టింది. కోపం మాత్రం తగ్గలేదు.

‘బ్రేక్‌హార్ట్ పాస్’కు అరపేజీ ఇచ్చారు, సంతోషం. చార్లెస్ బ్రాన్సన్ గురించి రాశారు. కథ అలిస్టర్ మెక్లీన్ నవలలోదని రాశారు. రైలు పైకప్పు మీద బాక్సర్ ఆర్చీ మూర్‌తో జరిగే ఫైటు రాశారు. మంచుకొండలు ఐడహోలోవని కూడా రాశారు. చివర్లో ‘నేపథ్య సంగీతం అదనపు ఆకర్షణ’ అని నాలుగు మాటలు వేసి ముగించారు. ఎవరి సంగీతం? ఆ ఒక్కటీ లేదు.

జెర్రీ గోల్డ్‌స్మిత్. ఆ రెండు మాటలు వేయడానికి పేజీలో ఎంత చోటు పట్టేది?

నేను రైల్వేలో ముప్పై రెండేళ్లు గూడ్స్ గార్డుగా చేసినవాణ్ణి. ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. 1970ల చివర్లో సికింద్రాబాద్‌లో మార్నింగ్ షోకు వెళ్లి ఈ సినిమా చూశాను. అప్పటికి నాకు ఇంగ్లిష్ మాటలు సగం అర్థం కాలేదు. డిఫ్తీరియా వచ్చిన కోటకు మందులు తీసుకెళ్లే రైలు, దారిలో ఒక్కొక్కరే మాయమయ్యే మనుషులు, ఖైదీగా ఎక్కిన హీరో అసలు ఎవరన్నది, ఇవన్నీ రెండోసారి చూసినప్పుడు గానీ తెలియలేదు. కానీ టైటిల్స్ మీద వచ్చిన మ్యూజిక్ మొదటిసారే అర్థమైంది. కింద లయ చక్రాల్లా ఆగకుండా తిరుగుతుంటే దాని మీద ఆర్కెస్ట్రా లేచి నిలబడుతుంది. రైలు కూత, ఇంజిన్ చప్పుడు వాద్యాలతో అనుకరించి చేతులు దులుపుకునే సంగీతం కాదది. బరువున్న బండి వాలులో కదులుతున్నప్పుడు చివర్లో గార్డుండే బ్రేక్ వ్యాన్‌లో కూర్చున్నవాడి ఒంటికి ఏది తెలుస్తుందో అది అందులో ఉంది.

పట్టాలన్నీ వెల్డింగ్ చేయని రోజుల్లో పదమూడు మీటర్లకో అతుకు ఉండేది. ప్రతి అతుకు దగ్గరా చక్రం ఒక దెబ్బ కొడుతుంది. సెకనుకు ఒక అతుకు దాటితే గంటకు దాదాపు 47 కిలోమీటర్లు. చీకట్లో మేము వేగం లెక్కేసుకున్నది ఆ చప్పుడుతోనే. అలాంటి చెవికి ఈ సంగీతం ఎలా వినిపించి ఉంటుందో మీరే ఆలోచించండి. చివరి బోగీలు విడిపోయి, సైనికులతో సహా వాలులో వెనక్కి జారిపోయే సీను ఉంది కదా. ఇప్పుడైతే బండి విడిపోయి బోగీల మధ్య గాలి పైపు ఊడగానే బ్రేకులు వాటంతటవే పడతాయి. కథ నడిచే 1870ల్లో చాలా బండ్లకు బోగీ బోగీకి మనిషి చేత్తో తిప్పాల్సిన బ్రేకులే దిక్కు. మా వాళ్లెవరూ ఆ సీను కుదురుగా కూర్చుని చూడలేరు.

రైలును ఆర్కెస్ట్రాలోకి తేవడం గోల్డ్‌స్మిత్‌తో మొదలైంది కాదు. స్వరకర్త ఆర్థర్ హోనెగర్ 1923లోనే రైలింజిన్ మీద ‘పసిఫిక్ 231’ అనే ఆర్కెస్ట్రా సంగీతం రాశాడు. ఆ అంకెలు ఇంజిన్ ఇరుసుల లెక్క: ముందు రెండు, మధ్యలో మూడు, వెనక ఒకటి. మన పాత డబ్ల్యూపీ స్టీమ్ ఇంజిన్ కూడా ఆ పసిఫిక్ రకమే. హోనెగర్ సంగీతంలో స్వరాలు అంతకంతకూ దగ్గరపడుతూ వేగం పెరుగుతున్నట్టు వినిపిస్తుంది. నిజానికి తాళం నెమ్మదిస్తూ పోతుంది. మా రైల్వే ఉద్యోగుల క్లబ్బు, అదే ఇన్‌స్టిట్యూట్‌లో, ఒక సీనియర్ డ్రైవర్ ఆ క్యాసెట్ ఇచ్చి వినమంటే నెల రోజులు విన్నాను. 1974లో ‘మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’కు రిచర్డ్ రోడ్నీ బెన్నెట్ రైలు కదలగానే వాల్ట్జ్ అనే నాట్య సంగీతం వినిపించాడు, అది విలాసాల రైలు కాబట్టి. ఆ మరుసటి ఏడాది గోల్డ్‌స్మిత్ రైలు మంచులో కొండెక్కే రైలు. దేని నడక దానిదే. మీ వ్యాసంలో ఈ రెండు సినిమాలూ ఉన్నాయి. ఇద్దరు సంగీత దర్శకుల్లో ఒక్కరి పేరూ లేదు.

గోల్డ్‌స్మిత్ అనామకుడా? ‘చైనాటౌన్’కు పది రోజుల్లో సంగీతం రాసిచ్చినవాడు. ‘ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’లో వంటింటి స్టీలు గిన్నెలు కూడా వాయిద్యాలుగా వాడించాడు. పద్దెనిమిది సార్లు ఆస్కార్‌కు నామినేట్ అయి ‘ది ఓమెన్’కు ఒక్కసారి గెలుచుకున్నాడు. 2004లో పోయాడు. ‘బ్రేక్‌హార్ట్ పాస్’ సంగీతానికి సినిమా వచ్చిన రోజుల్లో రికార్డు కూడా వేయలేదు. చాలా ఏళ్ల తర్వాత సీడీ వచ్చింది. అప్పటిదాకా ఆ సంగీతం వినాలంటే సినిమా చూడటం ఒక్కటే దారి.

సినిమా ద్వారా వినే ఆ దారి కూడా ఇప్పుడు మూసేస్తున్నారు. మీ వ్యాసం వచ్చిన వారంలోనే ఒక ఇంగ్లిష్ సినిమాల ఛానల్‌లో ఇది వేశారు. పెళ్లికొచ్చిన పిల్లలందరినీ కూర్చోబెట్టి, ముందు మ్యూజిక్ వినండర్రా అన్నాను. టైటిల్స్ మొత్తం కోసేశారు. నేరుగా కథలోకి వెళ్లిపోయారు. చివర్లో పేర్లు రాగానే వాటిని తెర మూలకు కుదించి తర్వాతి సినిమా ప్రకటన పెట్టారు. ఛానల్‌కు ఫోన్ చేస్తే తీసినవాళ్లు లేరు. మెయిల్ పెట్టించాను. జవాబు లేదు. ఇలాంటివి ఎవరికి చెప్పుకోవాలి? సబ్బు ప్రకటనను ఒక్క సెకను కూడా కోయరు కదా, రెండు నిమిషాల సంగీతం ఏం బరువైంది వీళ్లకు?

ఇది ఇంగ్లిష్ సినిమాల గొడవ అని పక్కన పెట్టకండి. మన ఊళ్లలో ‘మెకన్నాస్ గోల్డ్’ చూడనివాళ్లు మా తరంలో తక్కువ. దాని సంగీతం క్విన్సీ జోన్స్‌దని ఎంతమందికి తెలుసు? 1971లో మన ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చింది. ‘అనార్కలి’, ‘సువర్ణసుందరి’ లాంటి సినిమాలకు పాటలు కట్టిన ఆదినారాయణరావు గారే ఈ కౌబాయ్ సినిమాకూ సంగీతం ఇచ్చారు. 2023లో మళ్లీ విడుదలైనప్పుడు థియేటర్‌కు వెళ్లొచ్చిన మా బంధువుల పిల్లల్ని అడిగితే ఒక్కరూ ఆ పేరు చెప్పలేకపోయారు. పిల్లల్ని తప్పుపట్టను. చెప్పాల్సినవాళ్లు చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది? పాటైతే ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుంటారు. మనవాళ్లు రీరికార్డింగ్ (ఆర్ఆర్) అని పిలిచే నేపథ్య సంగీతానికి ఆ మాత్రం గతి కూడా లేదు. వయొలిన్లు, ఫ్లూట్లు వాయిస్తూ రాత్రింబవళ్లు మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో కూర్చున్నవాళ్ల పేర్లయితే తెర మీదకే రాలేదు.

కనీసం సంగీత దర్శకుడి పేరు రాయండి. మీ సమీక్షల్లో కెమెరామన్ పేరు, ఎడిటర్ పేరు వేస్తున్నారు. నేపథ్య సంగీతం వేరొకరు చేస్తే ఆ పేరు ఎగిరిపోతోంది. ‘ఆర్ఆర్ బాగుంది’, ‘బీజీఎం అదిరింది’ అని రాసే విలేకరి ఏ సీన్లో ఏం విన్నాడో ఒక్క వాక్యం రాయలేడా? నలభై ఏళ్లుగా మీ పత్రిక వేయించుకుంటున్న ఇంటి నుంచి అడుగుతున్నాను.

వచ్చే ఆదివారం అనుబంధంలో రెండు లైన్ల సవరణ వేయండి: ‘బ్రేక్‌హార్ట్ పాస్’ సంగీతం జెర్రీ గోల్డ్‌స్మిత్, ‘మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’ సంగీతం రిచర్డ్ రోడ్నీ బెన్నెట్. ఆ పేజీ కత్తిరించి మా ఇన్‌స్టిట్యూట్ నోటీసు బోర్డుకు అంటిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రైల్వే గార్డు,
కాజీపేట