ఉమ్మడి ఐపీ అడ్రసుల గురించి మా ఇంటర్నెట్ చందాదారులకు

వచ్చే నెల మొదటి తేదీ నుంచి ఇళ్లలోని కనెక్షన్లకు విడివిడిగా పబ్లిక్ ఐపీవీ4 అడ్రసు (బయటి ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే నంబరు) ఇవ్వడం నిలిపివేసి, ఒక్కొక్క అడ్రసును 32 మంది చందాదారులకు ఉమ్మడిగా కేటాయించబోతున్నాము. దీనిని కొత్త సౌకర్యమని చెప్పుకోవడం మాకు ఇష్టం లేదు. అడ్రసులు చాలకపోవడమే కారణం.

ఐపీవీ4 పద్ధతిలో ప్రపంచం మొత్తానికి ఉన్నవి సుమారు 430 కోట్ల అడ్రసులే. వాటిని ఖండాలవారీ సంస్థలకు పంచే ఐయానా వద్ద నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది. మన ప్రాంతాన్ని చూసే ఏపీనిక్ 2019 నుంచి కొత్త సభ్యులకు గరిష్ఠంగా 512 అడ్రసులే ఇస్తోంది. మాకు దక్కినవీ అన్నే. అంతకుమించి కావాలంటే ఇతరుల వద్ద కొనాలి, ఆ ఖర్చు చివరికి మీ బిల్లులోనే తేలుతుంది.

ఇంతవరకు మీ రూటరు మా సర్వరులో లాగిన్ అయిన ప్రతిసారీ అప్పటికి ఖాళీగా ఉన్న పబ్లిక్ అడ్రసు ఒకటి మీకు వచ్చేది. ఇకపై రూటరులో ‘వ్యాన్ ఐపీ’ అన్నచోట 100.64 మొదలు 100.127 వరకు ఉన్న శ్రేణిలోని అడ్రసు కనిపిస్తుంది. ఇటువంటి పంపకం కోసమే 2012లో ప్రత్యేకించిన ఈ శ్రేణి బయటి ఇంటర్నెట్‌లో చెల్లదు కనుక, మా కార్యాలయంలోని పరికరం దానిని పబ్లిక్ అడ్రసుగా మార్చి, ఎవరి సమాచారం ఎవరిదో పోర్టు నంబరును (ఒకే అడ్రసు మీద నడిచే కనెక్షన్లను వేరుచేసే అంకెను) బట్టి గుర్తుపెట్టుకుంటుంది. ఒక అడ్రసుకు 65,536 పోర్టులు ఉంటాయి. పంచితే ఒక్కొక్క ఇంటికి సుమారు 2,000 వస్తాయి. మామూలు వాడకానికి అవి సరిపోతాయి.

వీడియోలకు, చెల్లింపులకు, ఆన్‌లైన్ తరగతులకు తేడా తెలియదు. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను ఇంట్లోని పరికరానికి మళ్లించే రూటరు సెట్టింగు) పెట్టుకుని ఊరి నుంచి ఇంటి సీసీ కెమెరాల డీవీఆర్ (రికార్డింగు పెట్టె) చూసేవారికి మాత్రం అది ఆగిపోతుంది. తయారీ కంపెనీ యాప్ ద్వారా చూసేవారికి సాధారణంగా ఇబ్బంది ఉండదు. కొన్ని ఆన్‌లైన్ ఆటలలో మీరు హోస్టుగా ఉండడం (ఇతరులు మీ పరికరానికి కలిసి ఆడడం) కష్టమవుతుంది. అడ్రసు పంచుకున్న మరొకరి వాడకం వల్ల అప్పుడప్పుడు కొన్ని వెబ్‌సైట్లు మిమ్మల్ని ‘మీరు రోబోనా’ అని అడగవచ్చు (చిరాకే, కానీ అది మా చేతిలో లేదు). ఏ సమయంలో ఏ పోర్టు ఎవరి వద్ద ఉన్నదో లైసెన్సు నిబంధనల మేరకు నమోదు చేస్తాము కాబట్టి, ఇంకొకరు చేసిన పని మీ మీదకు రాదు.

దీనితోపాటే ప్రతి కనెక్షన్‌కూ సొంత ఐపీవీ6 (అడ్రసుల కొరత లేని కొత్త పద్ధతి) శ్రేణి ఇస్తున్నాము, దానిలో పంపకం ఉండదు. పాత రూటర్లలో సెట్టింగు మార్చవలసి ఉంటుంది. మా సిబ్బంది వచ్చి ఉచితంగా చేస్తారు. డీవీఆర్ లేదా ఆఫీసు వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కు సురక్షితంగా కలిపే మార్గం) కోసం స్థిరమైన ఐపీవీ4 అడ్రసు తప్పనిసరి అయినవారు ఈ నెలాఖరులోగా కార్యాలయంలో తెలియజేయగలరు. అటువంటివారి కోసం కొన్ని అడ్రసులు పక్కన పెట్టాము, వాటికి నెలవారీ రుసుము వేరుగా ఉంటుంది.