గొలుసుకట్టు రాతకి ఓ కొత్త కలం

రాజమండ్రి,
ఆదివారం రాత్రి

ఒరేయ్,

మొన్న ఫోన్లో నువ్వడిగిన ప్రశ్న నన్ను వదలడం లేదు. "మీ నాన్నగారి పుస్తకాల్ని ఫోన్‌తో ఫోటోలు తీసి దాచుకుంటే సరిపోయేదానికి, కెమెరా ఉన్న పెన్ను ఎందుకురా?" అన్నావు. అప్పుడు బస్సులో ఉన్నాను, పక్కన జనం. ఇప్పుడు ఇంట్లో అందరూ పడుకున్నారు, తీరిగ్గా కూర్చుని చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ఫోటోలు తీయలేదని కాదు. రెండేళ్ల కిందటే నాన్నగారి పెట్టెలోని పుస్తకాలన్నీ తీశాను. ఆయన కరణీకం చేసిన రోజుల్లో తన కోసం రాసుకున్న లెక్కలు అవి. సర్కారు దస్త్రాలు కావు. అడంగళ్లూ చిట్టాలూ అన్నీ 1984లో కరణం, మునసబు ఉద్యోగాలు తీసేసినప్పుడే అప్పగించేశారు. మిగిలినవి ఆ చేతిపుస్తకాలే. ఏ చేను ఎవరు సాగుచేశారు, ఏ బోదె ఎటు పారేది, ఏ దిబ్బని ఏమని పిలిచేవాళ్లు, అన్నీ వాటిలో ఉన్నాయి. ఫోటోలు చక్కగా వచ్చాయి. కానీ చదవడం నా వల్ల కాలేదు. అదంతా గొలుసుకట్టు.

నీకు గుర్తుందా, చిన్నప్పుడు మనం ఆయన వెనక నిలబడి చూసేవాళ్లం, కలం ఎత్తకుండా లైనంతా రాసుకుపోయేవారు. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు, తలకట్లు ఉండవు, ఒక అక్షరం తోక పట్టుకుని ఇంకో అక్షరం వస్తుంది. ఫోటోలో చూస్తే పురి విప్పిన తాడు చిందరవందరగా పడున్నట్టుంటుంది. కలం ఎక్కడ మొదలైంది, ఎటు తిరిగింది, ఎక్కడ ఆగింది అన్నది సిరా ఆరిపోయాక కాగితం చెప్పదు. ఫోటో కూడా చెప్పదు. ఆ కదలికే నాకు కావాలి. అందుకే ఈ పెన్ను కొన్నాను.

ఇది ఎలా పనిచేస్తుందో చెబుతాను, ఎందుకంటే నాకు అది చాలా నచ్చింది. పెన్ను మామూలు బాల్‌పెన్నే, లోపల చిటికెన వేలంత పొట్టి రీఫిల్ ఉంటుంది. ములుకు కింద చిన్న కెమెరా, కంటికి కనపడని పరారుణ కాంతి ఇచ్చే దీపం ఉంటాయి. అసలు కిటుకు కాగితంలో ఉంది. దూరం నుంచి చూస్తే కొంచెం మాసినట్టు కనిపిస్తుంది. భూతద్దం పెట్టి చూస్తే సన్నటి చుక్కలు, ఒక్కోటీ 0.3 మిల్లీమీటర్ల దూరంలో. గళ్లు గీసి, ఆ గీతలు కలిసే చోట చుక్కలు పెట్టారనుకో. కానీ ఒక్క చుక్కా సరిగ్గా ఆ కూడలిలో ఉండదు. కొంచెం పైకో, కిందకో, కుడికో, ఎడమకో జరిగి ఉంటుంది. అడ్డంగా ఆరు, నిలువుగా ఆరు, మొత్తం 36 చుక్కలు ఎటు జరిగాయో చూస్తే చాలు, తాను ఏ పుస్తకంలో, ఏ పేజీలో, ఏ మూల ఉందో పెన్నుకి తెలిసిపోతుంది. సెకనుకి 70కి పైగా ఫోటోలు తీస్తూ తన దారిని తాను గుర్తుపెట్టుకుంటుంది. ఈ చుక్కల పద్ధతి స్వీడన్‌లో లుండ్ అనే ఊళ్లో పుట్టిన అనోటో కంపెనీది.

ఇదంతా నాన్నగారికి ఎలా చెప్పాలా అని టెన్షన్ పడ్డాను. ఆయన భూతద్దంతో కాగితాన్ని చాలాసేపు చూశారు. "ఇవి సర్వే రాళ్లలా ఉన్నాయేమిట్రా" అన్నారు. అవునండీ, ప్రతి చోటికీ ఒక గుర్తు అన్నాను. "అయితే కాగితానికి కూడా సర్వే నంబర్లు వేశారన్నమాట!" ఆ తర్వాత నేను చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఆ చుక్కల అమరిక మొత్తాన్ని పరిస్తే యూరప్, ఆసియా కలిపిన దానికన్నా ఎక్కువ నేల అవుతుందట అంటే, "అంత భూమికి అడంగల్ ఎవరు రాస్తారు?" అని చాలాసేపు నవ్వారు. ఆయన అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

ఇంకో సంగతి విను. మామూలు నల్ల అచ్చు సిరాలో ఉండే కార్బన్ పరారుణ కాంతిని పీల్చేస్తుంది. చుక్కలు అలాంటి సిరాతోనే అచ్చువేస్తారు. రాసే రీఫిల్‌లో మాత్రం కార్బన్ ఉండదు. అందువల్ల మనం రాసింది మనకి కనిపిస్తుంది గానీ పెన్నుకి కనపడదు. రాసిన దాని మీద ఎన్నిసార్లు దిద్దినా కింద చుక్కలు దానికి స్పష్టంగానే ఉంటాయి. అందుకే చేతికి దొరికిన ఏదో రీఫిల్ అందులో దూర్చకూడదు.

మొదటి వారం ఏం బాగా సాగలేదు. నాన్నగారు కలాన్ని ములుకుకి ఆనించి పట్టుకుంటారు, ఆ తరం వాళ్ల పట్టు అలాంటిది. ఆయన వేలు కెమెరాకి అడ్డం పడింది. కాగితం మీద ముత్యాల్లాంటి పేజీ, కంప్యూటర్లో చూస్తే అక్కడో ముక్క ఇక్కడో ముక్క. ఆయనకి చెప్పలేక నేనే ఒక ఉపాయం చేశాను. ములుకుకి రెండంగుళాల పైన నూలుదారం దట్టంగా చుట్టి, వేళ్లు అక్కడ పెట్టమన్నాను. దారం గరుకుగా ఉండేసరికి చెయ్యి దానంతటదే అక్కడికి వెళ్లడం అలవాటైంది. అంతకంటే పెద్ద పొరపాటు నాది. ఈ నోటుబుక్కులకి నంబర్లుంటాయి. మొదటిది అయిపోయాక, అదే నంబరున్న ఇంకోటి తెచ్చి ఇచ్చాను. పెన్ను దృష్టిలో రెండూ ఒకటే పుస్తకం. రెండో పుస్తకం రాత వచ్చి మొదటి పుస్తకం రాత మీద కూర్చుంది. ముందే పాత పుస్తకాన్ని విడిగా భద్రం చేసి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. రాసిన తేదీలు చూసుకుంటూ ఒక్కో గీతా విడదీయడానికి మూడు రాత్రులు పట్టింది. నువ్వు కొంటే ముందు ఈ విషయం చూసుకో.

ఇప్పుడు మా పద్ధతి ఇది. నాన్నగారు పాత పుస్తకంలోని ఒక లైను పైకి చదువుతారు. దాన్నే కొత్త కాగితం మీద గొలుసుకట్టులో రాస్తారు. దాని కింద విడివిడి అక్షరాల్లో, చిన్న పిల్లలకి రాసినట్టు రాస్తారు. పెన్నులోనే మైకు కూడా ఉంది. మాటనీ గీతనీ కలిపి దాచే ఇలాంటి పెన్నులు లైవ్‌స్క్రైబ్ అనే కంపెనీ 2008లో పల్స్ పేరుతో తెచ్చినప్పటి నుంచీ ఉన్నాయి. ఆ పేజీలో ఏ మాట మీద ములుకు ఆనిస్తే, ఆ మాట రాస్తున్న క్షణంలో ఆయన ఏమన్నారో అది వినిపిస్తుంది. గొలుసుకట్టుకి ఇంతకన్నా మంచి నిఘంటువు ఇంకేం ఉంటుంది చెప్పు?

నన్ను కట్టిపడేసిన ఒక్క మాట చెబుతాను. పాత పుస్తకం ఫోటోలో ఒక పొలం పేరుని నేను ఎన్నోసార్లు చూశాను. "మామిదిబ్బ" అని చదివి, మామిడిదిబ్బ కాబోలు, ఒకప్పుడు అక్కడ మామిడితోట ఉండేదేమో అనుకున్నాను. అదే పేరు నాన్నగారు ఈ పెన్నుతో రాశారు. రాత్రి కంప్యూటర్లో ఆ రాతని మొదటి నుంచి నెమ్మదిగా మళ్లీ నడిపించి చూశాను. ఒక చుక్క కదులుతూ పోతుంటే వెనకాలే గీత పుడుతుంది. మొదటి అక్షరం దగ్గర చుక్క సున్నాలా తిరిగి పైకి లేచింది. నేను 'మ' కొమ్ము అనుకున్నది వచ్చింది, కానీ అక్కడ ఆగలేదు, జారి నేరుగా పక్క అక్షరంలోకి వెళ్లిపోయింది. అది కొమ్ము కాదు, గొలుసు. మొదటి అక్షరం 'మ' కాదు, 'వ'. వామిదిబ్బ! పొద్దున్నే అడిగితే, "అక్కడ మామిడెక్కడిదిరా, ఊరివాళ్లంతా గడ్డివాములు వేసుకునేవాళ్లు. వరదొచ్చినా మునిగేది కాదు" అన్నారు. ఇన్నాళ్లూ లేని తోటని నేను నా మనసులో పెంచుకున్నాను.

దీన్ని కంప్యూటరు టైపు అక్షరాలుగా మార్చేస్తుందా అని కూడా నువ్వు అడిగావు. విడివిడిగా రాసిన తెలుగుని ఇప్పుడు ఫోన్లో గూగుల్ కీబోర్డు కూడా బాగానే గుర్తుపడుతోంది. మన లిపికి అది తేలిక పని కాదు. బెంగళూరులోని హెచ్‌పీ పరిశోధనశాల వాళ్లు తెలుగు చేతిరాత నమూనాలు సేకరించినప్పుడు 166 ఆకారాలు తీసుకోవాల్సి వచ్చింది. 'కి' రాస్తే 'క'నీ గుడినీ విడదీయలేం కదా, రెండూ కలిసి కొత్త ఆకారమే. అలాంటి వాటికే ఇంత శ్రమ అయితే, గొలుసుకట్టు సంగతి చెప్పనక్కర్లేదు. నేను ఆ ఆశ పెట్టుకోలేదు. నాన్నగారి మాట విని నేనే చేత్తో టైపు చేస్తున్నాను. గీతల్ని మాత్రం ఇంక్‌ఎమ్ఎల్ అనే రూపంలో వేరుగా దాస్తున్నాను. ఏ ఒక్క కంపెనీదీ కాని పద్ధతి అది, 2011లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఆమోదించింది. ఈ పెన్ను కంపెనీ రేపు మూతపడినా నాన్నగారి చెయ్యి ఎలా తిరిగిందో ఆ ఫైలులో అంకెలుగా ఉంటుంది. ఎప్పుడో ఎవరైనా గొలుసుకట్టు చదివే ప్రోగ్రాము రాయాలనుకుంటే వాళ్లకి ఇదే ముడిసరుకు.

భిన్నాల గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తవదు. ఆ లెక్కల్లో నిలువు గీత ఒకటుంటే కాలు, అంటే పావు, రెండుంటే అర, మూడుంటే ముక్కాలు. అడ్డగీత పెడితే వీసం, అంటే పదహారో వంతు. ౹ ౺ ౻ ౼, ఇవే అవి. 2008లో యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లన్నీ వాడే అక్షరాల పట్టికలో, వీటికి చోటిచ్చారు కాబట్టి ఇప్పుడు టైపు చేయగలుగుతున్నాను. నాన్నగారికి తెర మీద చూపిస్తే, వేలితో తెరని తాకి, "ఇవి నాతోనే పోతాయనుకున్నాను" అన్నారు. నేను లేచి మంచినీళ్ల వంకతో వంటింట్లోకి వెళ్లాను.

ఆయన చెయ్యి ఇప్పుడు వణుకుతోంది. 82 ఏళ్లు మరి. గీతని పెద్దది చేసి చూస్తే ఆ వణుకు సన్నటి అలల్లా కనిపిస్తుంది. చిత్రమేమిటంటే, పేజీ పైన 'శ్రీ' చుట్టేటప్పుడు, ఊరి పేరు రాసేటప్పుడు ఆ అలలు ఉండవు. గీత నున్నగా పోతుంది. ఎన్ని వేలసార్లు రాసిన మాటలో అవి! కొత్త మాట దగ్గరకి వచ్చేసరికి మళ్లీ అలలు మొదలవుతాయి. ఇది నేను రోజూ చూస్తున్నాను. ఫోటో నాకు ఇది చూపించలేదురా.

ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. మన ఊళ్లో కరణం అంటే కొందరికి భయం ఉండేది, కోపం కూడా ఉండేది. ఆ కోపానికి కారణం ఉంది. తన పొలం గురించి ఏం రాశారో రైతు చదవలేడు. గొలుసుకట్టు ఒక తాళం, తాళంచెవి ఒకే ఇంట్లో ఉండేది. ఆ ఇల్లు మాది. నాన్నగారు ఎవరికీ అన్యాయం చేయలేదని నాకు తెలుసు, కానీ ఆ తాళం తీసి అందరి ముందూ పెట్టాల్సింది మేమే. పని పూర్తయ్యాక ఆ పేజీలన్నీ, ఆయన గొంతుతో సహా, ఊరి గ్రంథాలయానికి ఇవ్వాలని నిర్ణయించుకున్నాం. ఈ ఆలోచన ముందు ఆయనకే వచ్చింది.

ఇక నీ సంగతి. పిన్నిగారి దగ్గర మంగళహారతుల నోటుబుక్కు ఉంది కదా, పసుపు అంటుకున్న అట్టతో. ఆవిడ రాసేటప్పుడు సన్నగా పాడుకుంటూ రాస్తారని నువ్వే చెప్పేవాడివి. నా పెన్ను ఒక నెల నీకిస్తాను. ఆవిడ చేత మళ్లీ ఒక్క పది పాటలైనా రాయించు, పాడుతూ రాయమను. పెన్ను సంగతి పెద్దగా చెప్పకు, చెబితే గొంతు సవరించుకుని వేరేగా పాడతారు. దారం చుట్టే ఉంది, అలాగే వాడు. ఎటూ సంక్రాంతికి వస్తున్నావు కదా, అప్పుడు పట్టుకెళ్లు. వాయిదా వేయకు.

ఈ ఉత్తరంతో పాటు రెండు ఫైళ్లు పంపిస్తున్నాను. నీకు ఉత్తరం రాస్తున్నానని చెబితే నాన్నగారు సాయంత్రం పెన్ను తీసుకుని నీకు నాలుగు లైన్లు రాశారు, అచ్చమైన గొలుసుకట్టులో. మొదటి ఫైలు ఆ పేజీ బొమ్మ. ముందు దాన్ని చదవడానికి ప్రయత్నించు, గంటసేపైనా సరే. ఆ తర్వాతే రెండోది తెరువు. అందులో గీత కదులుతుంది, ఆయన చదువుతూ వినిపిస్తారు. మూడో లైనులో నీ చిన్నప్పటి పేరు ఉంది, చెయ్యి అక్కడ కూడా వణకలేదు.

నీ నేస్తం