విమానం గీసే రోజునే మెకానిక్‌ను పిలవండి

సంపాదకుడు గారికి నమస్కారం.

156 ప్రచండ్ హెలికాప్టర్ల కోసం 2025 మార్చిలో ఒప్పందం కుదిరింది. అందులో 90 సైన్యానికి, 66 వైమానిక దళానికి. కింద పోరాడే సిపాయికి పైనుంచి అండగా నిలిచే యంత్రం మనవాళ్ల చేతుల మీదుగా తయారవుతోందంటే, ఒడిశాలోని సునాబెడ విమాన ఇంజిన్ల కర్మాగారంలో ఇంజిన్లు విప్పి బిగిస్తూ ముప్పై మూడేళ్లు గడిపిన నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. దీని తర్వాత ఇదే పనికి రాబోయేది విమానమైనా, హెలికాప్టరైనా, డ్రోనైనా ఒక్క విన్నపం. కాగితం మీద మొదటి గీత గీసే రోజునే దాన్ని మరమ్మతు చేయబోయేవాణ్ని, దాని నీడలో పోరాడబోయే జవానును పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి.

మా ఊరి కర్మాగారం మిగ్ యుద్ధ విమానాల ఇంజిన్ల కోసమే 1964లో ఏర్పడింది. మిగ్-21 ఇంజిన్ల తర్వాత, నేల మీది లక్ష్యాలపై దాడి చేసే మిగ్-27 ఇంజిన్లు కూడా ఇక్కడే చేశాం. విమానం నాసిక్‌లో తయారైతే దాని గుండె కొరాపుట్ కొండల్లో తయారయ్యేది. 2019 డిసెంబరు 27న జోధ్‌పూర్‌లో మిగ్-27కు వీడ్కోలు చెబుతుంటే టీవీ ముందు కూర్చుని కళ్లు తుడుచుకున్నాను. అయినా నిజం చెప్పాలి. అది గగనతలంలో పోరాడే మిగ్-23ను మార్చి చేసిన విమానం. దానికి ఆరు గొట్టాల 30 మిల్లీమీటర్ల తుపాకీ తగిలించారు. పేలిస్తే ఆ అదురుకు విమానం దీపాలే పగిలేవి. పైగా ఒకే ఇంజిన్. 1999 మే 27న కార్గిల్‌లో దాడి చేస్తుండగా ఆ ఇంజిన్ ఆగిపోయి ఫ్లయిట్ లెఫ్టినెంట్ నచికేత పారాచూట్‌తో దూకాల్సి వచ్చింది, పాకిస్తాన్‌కు బందీగా చిక్కారు. ఆ వార్త విన్న రోజు మా వర్క్‌షాపులో ఎవరమూ సరిగా అన్నం తినలేదు.

నేల మీది సైనికులకు అండగా ఎగిరే అమెరికా వాళ్ల ఏ-10 విమానం కథ వేరు. వియత్నాంలో స్కైరైడర్ దాడి విమానాలు నడిపిన పైలట్లతో మాట్లాడి, ఏమేం కావాలో ముందు రాసుకున్నారు. ముందు తుపాకీ, ఆ తర్వాత దాని చుట్టూ విమానం. పేలే గొట్టం సరిగ్గా నడుమ గీత మీదికి రావాలని ముందు చక్రాన్నే పక్కకు జరిపారు. పైలట్ చుట్టూ 500 కిలోలకు పైబడిన టైటానియం తొట్టి కట్టారు. నాకు ముచ్చటేసేది వేరే సంగతి. ఇంజిన్లను వెనక, బాగా పైన పెట్టారు, రన్‌వే మీది దుమ్మూ రాళ్లూ లోపలికి పోకుండా. చాలా భాగాలు కుడికీ ఎడమకూ ఒకటే సరిపోతాయి. 1972లో మొదటిసారి ఎగిరిన ఆ విమానం గీసినవాళ్లు స్పానర్ పట్టినవాళ్ల మాట విన్నారని చూడగానే తెలుస్తుంది.

అలాంటిదే రష్యా సుఖోయ్-25 విమానం కూడా యుద్ధంలోనే పాఠం నేర్చుకుంది. అఫ్గానిస్తాన్‌లో ఒక ఇంజిన్‌కు స్టింగర్ క్షిపణి తగిలితే మంట పక్క ఇంజిన్‌కూ పాకేది. దెబ్బ తిన్నవాటిని పరిశీలించి రెండు ఇంజిన్ల మధ్య ఉక్కు పలక అడ్డుపెట్టారు. ఒక్క పలక! అది మొదటి నుంచే ఉండి ఉంటే ఎందరు పైలట్లు మిగిలేవారో.

మా షాపు సంగతి ఒకటి చెబుతాను. ఒక రకం ఇంజిన్‌లో నూనె గొట్టం వెనక ఒక నట్టు ఉండేది. కంటికి కనబడదు. చేయి మోచేతి దాకా దూర్చి, వేలి కొసతో తడిమి స్పానర్ తగిలించాలి. తిప్పితే ఒక్కోసారి నట్టు ఒక్క పక్క మేరే తిరుగుతుంది. ఆ తర్వాత అదే చీకట్లో నట్టు వదులు కాకుండా లాక్ వైరు చుట్టాలి. డిసెంబరులో సునాబెడ చలికి వేళ్లు కొంకర్లు పోయేవి. గీసేటప్పుడు ఆ గొట్టాన్ని నాలుగు వేళ్ల మేర పక్కకు జరిపి ఉంటే పది నిమిషాల పని, మాకు పూటంతా పట్టేది. షాపులో పోయింది ఒక పూటే. సరిహద్దు దగ్గరి రన్‌వే మీద ఆ నట్టు కోసమే విమానం ఆగిపోతే, ఆ పూట కొండ మీద చిక్కుకున్న జవానుకు పైనుంచి సాయం అందదు. 1971 డిసెంబరులో లోంగేవాలాలో రాత్రంతా కాచుకున్న పంజాబ్ రెజిమెంట్ వాళ్లకు తెల్లవారగానే జైసల్మేర్ నుంచి హంటర్ యుద్ధ విమానాలు వచ్చాయి. అవి మధ్యాహ్నానికి సిద్ధమై ఉంటే?

ఆ యుద్ధంలోనే పాల్గొన్న మన దేశంలో తయారైన మారుత్ యుద్ధ విమానాన్ని మరిచిపోకూడదు. 1961లో మొదటిసారి ఎగిరింది. చక్కని విమానం, రెండు ఇంజిన్లు. కానీ దానికి అనుకున్న బలమైన ఇంజిన్ రానే లేదు, ఉన్నదానితో సరిపెట్టారు. ఇంజిన్ మనది కాకపోతే విమానమూ సగమే మనది.

భుజం మీద నుంచి పేల్చే క్షిపణులూ డ్రోన్లూ వచ్చాక ఇలాంటి విమానాలకు కాలం చెల్లిందని కొందరంటున్నారు. ఉక్రెయిన్‌లో కూలిన సుఖోయ్-25లను చూస్తే ఆ మాట కొట్టిపారేయలేం. అయితే పైలట్ ఉన్నా లేకున్నా దానికో ఇంజిన్ ఉంటుంది, దాన్ని విప్పి బిగించే చేతులు ఉంటాయి.

సుఖోయ్-30 కోసం 240 ఇంజిన్ల పని 2024లో మా కర్మాగారానికి వచ్చింది. ఎనిమిదేళ్లు చేతినిండా పని. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి వచ్చే తెలుగు పిల్లలూ, పొట్టంగి, సెమిలిగుడ ఆదివాసీ పిల్లలూ ఈ పని నేర్చుకోవాలి. చేయడంతో పాటు గీయడంలోనూ వాళ్లకు చోటివ్వాలి. డిజైన్ చేసే ఇంజనీర్లు ఏడాదికి ఒక నెలైనా ఇక్కడి ఓవర్‌హాల్ షాపులో చేతులకు నూనె అంటించుకోవాలి. మిగ్-27 ఇంజిన్లు విప్పినవాళ్లం ఇంకా చాలామందిమి కొరాపుట్, సెమిలిగుడ, సాలూరుల్లో ఉన్నాం. అందరం డెబ్బైకి దగ్గర పడ్డాం. ఎక్కడ ఏ బ్లేడు అరిగేదో, ఏ నట్టు ఏడిపించేదో మాకు గుర్తున్నప్పుడే రక్షణ శాఖవారు మమ్మల్ని పిలిపించి, చెప్పింది రాసుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఛార్జీలు కూడా ఇవ్వనక్కర్లేదు, మేమే వస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంజిన్ మెకానిక్,
సునాబెడ, కొరాపుట్ జిల్లా, ఒడిశా